పన్నెండు బై పదహారు

నిడుబ్రోలు స్టేషను రోడ్డులో
మా రెండు కొట్లకీ ఒకటే గోడ.
ఇటు నా ఫోటో ఫ్రేములు,
అటు పున్నారావు మిక్సీలు, ఫ్యాన్లు.
నేను మేకు కొడితే
అటువైపు వాడి టెస్టరు కిందపడేది.
"గుండెల్లో దిగ్గొట్టావు గదా బాబాయ్!"
అని అరిచేవాడు.
ఆ మాట ఇప్పుడు తల్చుకోను.

శివరాత్రి వెళ్తూనే ఫ్యాన్లొచ్చేవి,
ఆవకాయ రోజులకి మిక్సీలు.
ప్రతిదాని మెడలో ఓ అట్టముక్క,
దానిమీద గుండ్రటి అక్షరాలతో
ఊరి రోగాలు:
ములుకుదురు పంతులమ్మగారు, కండెన్సరు పోయింది.
బిర్యానీ సుభానీ, బుష్ అరిగింది, తొందర.
రిక్షా సామేలు, డబ్బులు అడగొద్దు.

ఆరున్నరకి షట్టరు సగం దించి
ట్యూషను నుంచి మోక్షితని తెచ్చుకునేవాడు,
బండి ముందు నిలబెట్టి
ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒకటి దాని పొట్ట మీద.
అన్నం తిని మళ్ళీ వచ్చేవాడు.
పదింటి దాకా రాగితీగ చుట్టుకునే చప్పుడు
గోడలోంచి నాకు వినపడేది.
చీటీ ఇరవయ్యో నెల పాడతాడట,
వైండింగ్ మిషను కొంటాడట,
ఝాన్సీని ఆ కిరాయి గదిలోంచి
గాలొచ్చే ఇంట్లోకి మారుస్తాడట.
ఊరందరికీ గాలి బాగుచేసేవాడు
వాడింట్లో మాత్రం గుయ్యిమనే పాత టేబులు ఫ్యాను.
పద్దెనిమిది నెలలు కట్టాడు.

ఆ మధ్యాహ్నం గ్యాసనుకున్నాడు.
గోళీసోడా తాగి, త్రేన్చి, నవ్వాడు.
ఎడం భుజం రుద్దుకుంటూనే
సుభానీ మిక్సీ బిగిస్తూ కూచున్నాడు.
కాసేపటికి
గోడ మీద రెండుసార్లు చప్పుడయింది.
అరుపు లేదు.
నేను సుత్తి ఆపి, విన్నాను.
ఎందుకు విన్నానో, ఎందుకు వెంటనే లేవలేదో
నన్నడక్కండి.

అంబులెన్సు చేబ్రోలు దాటలేదు.
ముప్పై అయిదు నిండలేదు వాడికి.

నాకు చావుల కొలతలు తెలుసు.
ముసలమ్మకి పది బై పన్నెండు,
కొడుకులు పంతం పడితే ఇంకాస్త పెద్దది.
పిల్లలున్న మగవాడికి పన్నెండు బై పదహారు.
ముప్పై ఏళ్ళుగా అద్దం కోస్తున్నాను,
గీత వంకర పోలేదు.

ఝాన్సీ ఫోను నా చేతిలో పెట్టింది.
రెండువేల ఫోటోలు,
ఒక్కదాంట్లోనూ వాడు లేడు.
తీసినవాడు కదా.
నేల మీద పొడుగాటి నీడ,
ఓ మూల అడ్డమొచ్చిన బొటనవేలు,
స్టీలు జారు మీద వంకరగా ఒక ముఖం.
చివరికి సూర్యలంకలో ఒకటి దొరికింది,
ఎండకి కళ్ళు చికిలించి,
భుజాల మీద కూతురు, దాని గుప్పిట్లో వాడి చెవి.

"బతికున్న పిల్ల అందులో ఉండకూడదు"
అన్నారు పెద్దలు.
స్టూడియో కుర్రాడు పిల్లని కోసేశాడు.
చెయ్యి మాత్రం మిగిలింది, మణికట్టు దాకా.
"అదీ తీసేస్తా అంకుల్, అయిదు నిమిషాలు."
వద్దన్నాను.

పెద్దకర్మ నాడు దండ వేశాక
మోక్షిత కుర్చీ ఎక్కి చూసింది.
ఏడవలేదు.
వచ్చిన ప్రతివాళ్ళనీ చెయ్యిపట్టి లాక్కొచ్చి
"ఇది నా చెయ్యే" అని చూపించింది,
విస్తళ్ళు వేసేదాకా.

నెల తిరిగాక ఝాన్సీ షట్టరెత్తింది.
అట్టముక్కలు చదువుతూ
ఎవరివి వాళ్ళకిచ్చేసింది.
సామేలుని డబ్బులు అడగలేదు.
అడగకపోతే అతను కదల్లేదు,
నూటయాభై బల్ల మీద పెట్టి
ఫ్యాను భుజానేసుకుని వెళ్ళాడు.
సుభానీ మిక్సీకి మూడు స్క్రూలే ఉన్నాయి.
"చాల్లేమ్మా, తిరుగుతుంది" అన్నాడు సుభానీ.
తిరుగుతోందట.

నాలుగోది ఆ రోజు
వాడి పిడికిలి విప్పితే దొరికింది.
నా మేకుల డబ్బాలో ఉంది.
పనిలో ఉండగా చేతికి తగులుతుంది,
తీసి పక్కన పెడతాను,
మళ్ళీ అందులోనే వేస్తాను.